పెన్సిల్ కింద ముఖం

సంచిలో ముందు రెండు జతల బట్టలు పెట్టింది. వాటి మీద తువ్వాలు. తువ్వాలు మడతలో ఒక చిన్న సీసా. పెట్టాక గుమ్మంవైపు ఒకసారి చూసి, ఆ సీసాను బయటికి తీసి, ఉన్ని మేజోడులో దూర్చి, బట్టల అడుక్కి తోసింది. రెండో మేజోడులో దూది కుక్కింది.

"అమ్మమ్మా, వెళ్ళేది రెండు రోజులకి. కొత్త కాపురానికి వెళ్తున్నట్టు సర్దుతున్నావేంటి?" అంటూ మనవరాలు లోపలికి వచ్చి ముక్కు ఎగబీల్చింది. "ఏంటీ వాసన?"

"మోకాళ్ళ మందు."

"మోకాళ్ళ మందుకి రంగుల కొట్టు వాసనా?"

"అదే అసలు మందు. మీ డాక్టర్లిచ్చేవన్నీ రంగునీళ్ళు."

మనవరాలు నవ్వింది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల. నవ్విందంటే ముప్పై రెండూ హాజరు వేయించుకుంటాయి. సంచి తాను మోస్తానని చెయ్యి చాపింది. ముసలామె ఇవ్వలేదు. బస్సులో కూడా ఒళ్ళోంచి దించలేదు.

ఆ వీధిలో ఆమెను అందరూ పెన్సిలమ్మ అంటారు. బజారు మూల ఫోటో స్టూడియోలో ముప్పై ఏళ్ళు టచింగు పని చేసింది. ఫోటో దిగినవాళ్ళ కంట పడని పని అది. కెమెరాలోంచి వచ్చిన ఫిల్ములో లోకమంతా తిరగబడి ఉంటుంది. తెల్లనిది నల్లగా, నల్లనిది తేటగా కనిపిస్తుంది. ఆ ఫిల్మును వెలుగు వచ్చే అద్దం బల్ల మీద పరిచి, భూతద్దం కంటికి ఆనించి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీద చీమకాళ్ళంత గీతలు గీయాలి. ఫిల్ము మీద పెన్సిల్ ఎంత నల్లగా పడితే కాగితం మీద ముఖం అంత తెల్లగా తేలుతుంది.

ఆ ఊళ్ళో కొండ మీద బంగళాలు తెల్లవాళ్ళవి, కింద పేట నల్లవాళ్ళది. ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో ఒంటి రంగే చెప్పేది. బంగళాల వాళ్ళు ఫోటో దిగితే మచ్చలు, ముడతలు తీస్తే చాలు. పేట వాళ్ళు దిగితే మాత్రం బల్ల మీదకు వంగి, గొంతు తగ్గించి, ఒకటే మాట చెప్పేవాళ్ళు: "కొంచెం రంగు తేల్చమ్మా." ఉద్యోగానికైనా అదే మాట, పెళ్ళి సంబంధానికైనా అదే మాట. ఇప్పుడు ఆ రోజులు పోయాయంటారు. ఎవరంటారని అడుగుతుంది పెన్సిలమ్మ. ఆ అడగడం కూడా మనసులోనే.

స్టూడియో మూతపడి ఇరవై ఏళ్ళయింది. యజమాని పోయాడు. ఫిల్ముల పెట్టెల్ని పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. అవి చేతులు మారి మారి, పట్నంలో ఫోటోలు తీసి గోడలకు వేలాడదీసే ఒకావిడకు చేరాయట. పది రోజుల కిందట ఆవిడ మనవరాలి ఫోనుకు ఒక కబురు పంపింది: ఈ టచింగు చేసింది మీ అమ్మమ్మే అని తెలిసింది, ఇంత గొప్ప చేతిపని నేనెక్కడా చూడలేదు, ఒక్కసారి ఆమె రావాలి. కబురు కింద ఒక ఆడపిల్ల బొమ్మ ఉంది.

"ఎవరమ్మమ్మా ఈ తెల్లమ్మాయి?"

పెన్సిలమ్మకు దొంగకు తేలు కుట్టినట్టయింది. "ఎవరో. రోజుకు ఇరవై మంది వచ్చేవాళ్ళు," అంది.

ఆ అమ్మాయి ఆమె చెల్లెలు. ఇంట్లో చెల్లెలిది ఇంకో ఫోటో లేదు. ఉన్న ఒక్కటీ అప్పట్లో పోలీసులు తీసుకున్నారు, మళ్ళీ ఇవ్వలేదు. ఈమధ్య కళ్ళు మూసుకుంటే చెల్లెలి ముఖం రావడం మానేసి, తాను గీసిన ముఖమే వస్తోంది. వయసుతో చాలా మరిచిపోయింది, దేనికీ దిగులు పడలేదు. దీనికి మాత్రం భయం వేసింది.

సీసాలో ఉన్నది టర్పెంటైన్. పెన్సిల్ గీత అంటుకోవడానికి ఫిల్ము మీద ముందుగా జిగురు మందు రుద్దుతారు. టర్పెంటైన్ దూదితో తుడిస్తే ఆ మందూ పోతుంది, దాని మీది గీతలూ పోతాయి. కింద తల్లి కన్న ముఖం అలాగే ఉంటుంది. ఆ ముఖాన్ని ఒక్కసారి చూడాలి. అంతకుమించి ఆ పట్నంతో ఆమెకు పనిలేదు.

*

ఫోటోలావిడ పనిచేసే చోటు ఒకప్పటి గోడౌను. పైకప్పుకు ఒక పక్క అంతా అద్దాలు. ఆవిడకు నలభై దాటి ఉంటాయి. ఎర్రగా బుర్రగా ఉంది, జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. వేళ్ళు మాత్రం ఫోటోలు కడిగే మందుల మరకలతో బొగ్గులా ఉన్నాయి. 'వేళ్ళు నల్లబడితే మనవాళ్ళయిపోతారా' అనుకుంది పెన్సిలమ్మ. ఆ నుదురు, ఆ గడ్డం బంగళాల వాళ్ళవి, ఎరిగినవే. ఆ గడ్డం కింద నీడను ఎన్నిసార్లు తేల్చలేదు!

"రండమ్మా. ప్రయాణం బాగా జరిగిందా? సంచి ఇలా ఇవ్వండి."

"ఉండనీ. బరువేం లేదు."

గోడల మీద పెద్ద పెద్ద ఫోటోలున్నాయి. అన్నీ పాతకాలపువాటిలా మట్టిరంగు తిరిగి ఉన్నాయి. వెనక స్తంభాలు, మెట్లు, తెరలు, అన్నీ గుడ్డ మీద వేసిన రంగులే. బంగళాల వాళ్ళ ఫోటోలు ఇలాగే ఉండేవి. అయ్యగారు కుర్చీలో, అమ్మగారు పక్కన, అంచున ట్రే పట్టుకుని పేట మనిషి. చట్రానికి కాగితం కత్తిరించేటప్పుడు ఆ మనిషి సగానికి తెగిపోయేది. ఇక్కడ అదే కుర్చీలో, అదే లేసు కాలరుతో, ఒక నల్లటి బస్సు డ్రైవరమ్మ కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంది. అంచున ట్రే పట్టుకుని, సగానికి తెగిపోయి, ఈ ఫోటోలావిడే నిలబడి ఉంది.

"ఇది నువ్వేనా?"

"నేనేనమ్మా. మా ముత్తాతగారి ఫోటో ఒకటుంది. అందులో పనామె నిలబడ్డ చోట నేను నిలబడ్డాను."

"ఆ పనామె పేరేంటి?"

"తెలీదు. ఎవరూ రాసిపెట్టలేదు."

"మరి కింద రాసున్న పేరెవరిది?"

"నాది," అని ఆవిడ తల దించుకుంది.

పెన్సిలమ్మ "ఊఁ" అంది. ఆ ఊఁలో చాలా ఉంది. కుర్చీ ఇచ్చి కూర్చోమన్నవాళ్ళకు లెమ్మనడం కూడా వచ్చు. కుర్చీ ఎవరిదో తెలిశాక కూర్చోవడమే తెలివి తక్కువ.

ఆవిడ టీ ఇచ్చింది. తర్వాత పెన్సిలమ్మకు కూడా ఒక ఫోటో తీయాలని ఉందని చెప్పింది. అదే కుర్చీ, అదే గుడ్డ. పాత పద్ధతి కనుక ఎనిమిది సెకన్లు కదలకుండా కూర్చోవాలి, తల ఊగకుండా వెనక నుంచి ఒక ఇనుప కొక్కెం మెడకు ఆనిస్తారు, ఫోటోలో అది కనిపించదు.

పెన్సిలమ్మ ఆ కొక్కేన్ని వేలితో తట్టి చూసింది. "మెడకు ఇనుము బిగించి, అది కనపడకుండా ఫోటో తీస్తావన్నమాట."

"అమ్మమ్మా!" అంది మనవరాలు.

"ఏమే, అబద్ధమా?"

ఫోటోలావిడ నవ్వేసింది. "ఆ మాట నా ఫోటోల కింద రాసుకోవాలనిపిస్తోంది."

"రాసుకుంటావు. నాకు తెలుసు. ముందు ఆ ఫిల్ము చూపించు. ఫోటో సంగతి తర్వాత."

వెలుగు పెట్టె మీద అరచేయంత ఫిల్ము పెట్టి, ఆవిడ దీపం వేసింది. పెన్సిలమ్మ భూతద్దం అందుకుని వంగింది. నలభై ఏడేళ్ళ తర్వాత కూడా చేతిరాతలాగే గుర్తుపట్టింది. బుగ్గ మీద కామాల్లాంటి గీతలు, నుదుటి మీద చుక్కలు, కళ్ళ కింద అడ్డగీతలు. ఎక్కడా తొందరలేదు. రెండు మధ్యాహ్నాలు తిండి మానుకుని చేసిన పని.

"దీన్నిలాగే వెలుగు మీద పెట్టి గోడకు పెడతానమ్మా," అంది ఆవిడ. "చూసేవాళ్ళకు ఆ అమ్మాయి కాదు, ముందు పెన్సిల్ కనిపించాలి. ఒక మనిషి ముఖాన్ని ఇంకో రంగులోకి మార్చడానికి ఎంత ఓపిక పట్టిందో కనిపించాలి. ఇదిగో, ముక్కు పక్కన కత్తితో కూడా గీకారు."

"నేను కత్తి పట్టను," అంది పెన్సిలమ్మ వెంటనే. "కత్తి పని యజమానిది. నాది పెన్సిలే."

ఎవరూ తప్పుపట్టలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తానే అంది.

"ఈ పిల్ల పేరు కింద ఏమని రాస్తావు?"

"కవరు మీద నంబరు తప్ప ఏమీ లేదు. అందుకే 'గుర్తు తెలియని యువతి' అని."

పెన్సిలమ్మ భూతద్దం కింద పెట్టింది. ఈవిడకు నిజంగా తెలియదా, తెలిసీ నా నోటితో చెప్పించాలని చూస్తోందా? చెప్తే దాన్నీ గోడకెక్కిస్తుందా? "నువ్వు పోయి నీ మందులేవో కలుపుకోమ్మా," అంది. "కూర్చుంటాను ఫోటోకి. పిల్లను తీసుకెళ్ళి గుడ్డ సరిచేయించుకో. నాకు కాస్త ఊపిరి తిరగనీ."

వాళ్ళిద్దరూ గోడౌను ఆ చివరకు వెళ్ళారు. మనవరాలు రంగు మెట్ల ముందు నిలబడి "అబ్బ, మెట్లెక్కబోయి గోడకు గుద్దుకునేలా ఉన్నాను!" అనడం, ఆవిడ నవ్వడం వినిపించాయి. పెన్సిలమ్మ సంచిలో చెయ్యి పెట్టింది.

దూది తడిపింది. గట్టిగా రుద్దకూడదు, చంటిపిల్ల కళ్ళు తుడిచినట్టు తుడవాలి. మొదటి తుడుపుకే దూది బూడిదరంగు తిరిగింది. బుగ్గ తేటబడింది. నుదురు తేటబడింది. ఇంకో దూది. ఇంకో దూది.

"అమ్మా! ఏం చేస్తున్నారు?"

అడుగుల చప్పుడు వినిపించలేదు. ఫోటోలావిడ పరుగున వచ్చి చెయ్యి పట్టుకోబోయి ఆగింది. ముఖం పాలిపోయింది. "అది చరిత్రమ్మా! మళ్ళీ దొరకదు! మీకెవరు చెప్పారు తుడవమని?"

"నీకెవరు చెప్పారు గోడకు పెట్టమని?" పెన్సిలమ్మ గొంతు గోడౌనంతా మోగింది. "అది చరిత్ర కాదు. నా చెల్లెలు."

మనవరాలు చేతిలోని గుడ్డ కింద పడేసింది. "ఏ చెల్లెలు? నీకు చెల్లెలుందా?"

*

ఉండేది. పేటలో దాన్ని గోరింక అనేవాళ్ళు, ఒక్క నిమిషం నోరు మూసుకునేది కాదు. అది పందొమ్మిదేళ్ళ పిల్ల, అప్పటికి అక్కకు ఇరవై నాలుగు.

కొండ మీది ఒక కుటుంబం రేవుపట్నానికి మకాం మార్చింది. చంటిపాపను చూసుకోవడానికి మనిషి కావాలని, పనివాళ్ళను కుదిర్చే ఏజెంటుకు రాశారు. శుభ్రంగా ఉండాలి, చామనఛాయకు తగ్గకూడదు, ముందు ఫోటో పంపాలి.

"అక్కా, చామనఛాయకు నేనింకా ఎన్ని మెట్లెక్కాలే?" అని అడిగింది గోరింక.

"నాలుగు పెన్సిళ్ళు," అంది అక్క.

ఫోటో చేతికి వచ్చాక గోరింక పడీ పడీ నవ్వింది. "ఇదెవర్తే అక్కా? నాకంటే బావుంది! ఉద్యోగం దీనికే ఇమ్మను, నేనింట్లో పడుకుంటా."

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. అక్కకు చెల్లెలు ముద్దే. కానీ ఆ చేతికి అప్పటికి అలవాటైపోయింది, ముద్దొచ్చిన ముఖాన్ని కూడా దిద్దకుండా ఉండలేకపోయింది. ఫోటో పంపిన వారానికి రమ్మని కబురొచ్చింది. గోరింక రైలెక్కింది. పదకొండు రోజులకు ఆ ఇంటి నుంచి ఏజెంటుకు ఉత్తరం వచ్చింది. ఏజెంటు దాన్ని స్టూడియోకు తెచ్చి, అక్క చేతే చదివించాడు.

'ఫోటోలో ఉన్న అమ్మాయి రాలేదు. ఆమె పేరు చెప్పుకుని ఎవరో నల్లపిల్ల వచ్చింది. మోసమని గ్రహించి గుమ్మంలోంచే పంపేశాం. అసలు అమ్మాయిని వెంటనే పంపగలరు.'

గోరింక మాత్రం ఇల్లు చేరలేదు. పోలీసుస్టేషనుకు స్టూడియో యజమాని కూడా వచ్చాడు. లోపలికి వెళ్ళేముందు ఒక మాట చెప్పాడు: ముఖాలు మారుస్తామని మనమే పోలీసులకు చెప్పామంటే రేపటి నుంచి స్టూడియో గడప ఎవరు తొక్కుతారు? ఇన్‌స్పెక్టరు ఫోటో చేత్తో పట్టుకుని అడిగాడు: "మీ చెల్లెలు అచ్చం ఇలాగే ఉంటుందా?"

"అచ్చం ఇలాగే ఉంటుందండి," అంది అక్క.

రేవుపట్నమంతా ఒక తెల్లపిల్ల కోసం వెతికారు. నెలన్నర వెతికి, కాగితం మూసేశారు. మళ్ళీ వెళ్ళి నిజం చెబుదామని ఆమె మూడుసార్లు స్టేషను మెట్ల దాకా వెళ్ళింది. మూడుసార్లూ మెట్ల దాకానే. చెబితే, మొన్నెందుకు చెప్పలేదని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు జడిసి ఊరుకుంది. ఊరుకున్నది పైకి చెప్పుకోలేక, కన్న కూతురికి కూడా చెల్లెలి ఊసు ఎత్తలేదు.

*

చెప్పడం అయ్యింది. మనవరాలు అమ్మమ్మ పక్కన కింద కూర్చుని, ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

ఫోటోలావిడ దగ్గరకు వచ్చింది. "ఒక సంగతి దాచకూడదు. పెన్సిల్‌తో ఉన్నప్పటి ఫిల్ముకు నేను కంప్యూటర్లో నకలు తీసుకున్నాను. పెట్టె కొన్న రోజే."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు."

"మీ ముత్తాతా అంతేగా," అంది పెన్సిలమ్మ. మాటలో కోపం లేదు. తన అనుమానం నిజమైనందుకు ఏదో కుదుటపడ్డట్టు కూడా ఉంది. ఇన్నేళ్ళలో ఒక తెల్లమనిషి, అడక్కుండా తీసుకున్నానని తన నోటితో ఒప్పుకోవడం ఆమె వినడం ఇదే మొదలు. "సరే. తీశావు. ఇప్పుడు దీన్ని కాగితం మీద వెయ్యి. నాకు చూపించు."

ఎర్రదీపం గదిలో ముగ్గురూ ఇరుక్కుని నిలబడ్డారు. ఫోటోలావిడ ఫిల్మును కాగితం మీద పరిచి, వెలుగు చూపి, కాగితాన్ని మందు తొట్టిలో వేసి, తొట్టిని మెల్లగా ఊపింది. ముందు జుట్టు వచ్చింది. తర్వాత కళ్ళు. తర్వాత ముఖం, నల్లగా, నిండుగా, బుగ్గల మీద మెరుపుతో. కనుబొమ్మ పక్కన చిన్నప్పుడు తలుపు తగిలిన మచ్చ. ఆ మచ్చను తానే పూడ్చింది, పూడ్చి మరిచిపోయింది.

"గోరింకా," అంది పెన్సిలమ్మ.

"అచ్చం నాలా ఉంది," అంది మనవరాలు. "ముక్కొక్కటే వేరు."

ఆ మాటకు పెన్సిలమ్మ తొట్టి మీదకు వంగింది. నిజమే. రంగు చెల్లెలిది, కళ్ళు చెల్లెలివి. ముక్కు మాత్రం బంగళాల ముక్కు, సన్నగా, కోసుగా ఉంది. గోరింకది చప్పిడి ముక్కు. నవ్వితే పక్కలకు విచ్చుకునేది. ఆ పక్కలు అక్కడ లేవు. నీడలో కలిసిపోయేలా ఎవరో రెండు వైపులా ఫిల్మును గీకేశారు.

పెన్సిల్ తుడిస్తే పోతుంది. కత్తితో గీకింది పోదు. దాని కింద ఏమీ మిగలదు.

"దీన్ని కంప్యూటర్లో సరిచేయొచ్చమ్మా," అంది ఫోటోలావిడ మెల్లగా. "మీ మనవరాలి ముక్కు చూసి..."

"వద్దు. ఇంకెవరూ ఆ ముఖం ముట్టుకోవద్దు." తొట్టి అంచు పట్టుకుని మళ్ళీ అంది, "యజమాని కాదు. ఆ వారం యజమాని ఊళ్ళో లేడు. కత్తి నేనే పట్టాను."

బయటికి వచ్చాక కళ్ళు వెలుగుకు అలవాటు పడేదాకా ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఫోటోలావిడ ఒక కాగితం ముందుకు జరిపింది. గోడకు పెట్టడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసే కాగితం. ఇష్టం లేకపోతే చించేయమని, ఫిల్మూ నకలూ రెండూ ఇచ్చేస్తానని చెప్పింది. పెన్సిలమ్మ కాగితాన్ని మనవరాలి చేత రెండుసార్లు చదివించింది. చివర్న సన్న అక్షరాలున్నాయేమో వెనక్కి తిప్పి చూడమంది. లేవు. అయినా ఇంకోసారి చూడమంది.

"పెట్టు," అంది. "పెన్సిల్ ముఖమూ పెట్టు, తుడిచిన ముఖమూ పెట్టు, పక్కపక్కన. నీ పేరు ఆ గోడ మీద ఇంకెక్కడైనా రాసుకో, వీటి కింద మాత్రం వద్దు. వీటి కింద నేను చెప్పింది రాయి."

"చెప్పండమ్మా."

"ఇది పెన్సిల్‌తో, కత్తితో దిద్దింది అక్క. పోలీసులడిగితే దిద్దలేదని చెప్పింది కూడా అక్కే. రాశావా?"

"రాశాను. మీ చెల్లెలి అసలు పేరేంటి?"

"అసలు పేరు చెబితేనే కదా మోసమన్నారు. గోరింక అని రాయి. దానికే పలికేది."

మనవరాలు కలం అందుకుంది. అమ్మమ్మ ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది, పిల్ల అలాగే రాసింది.

గోరింక, పందొమ్మిదేళ్ళు. 1979 మార్చి పధ్నాలుగు, బుధవారం, ఉదయం ఏడింటి రైలుకు వెళ్ళింది. తిరిగి రాలేదు.